ఇంట్లో క్రాస్ ట్రైనర్ కొంటున్నారా? ముందు టేపు తీసుకోండి

“పొద్దున్న పాల ప్యాకెట్ తియ్యడం మొదలు రాత్రి స్టవ్ గట్టు తుడిచే దాకా నిలబడే ఉంటాం. మళ్ళీ మాకు వేరే వ్యాయామం ఎందుకండీ?” అని అడిగే ఇల్లాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఒంగి ఇల్లు తుడిస్తే, తడి బట్టల బకెట్ మోసుకుని డాబా ఎక్కితే ఒంటికి పని తగిలినట్టే. కానీ మన రోజులో అలాంటి పని ఎంతసేపు ఉంటుంది? మిగిలినదంతా స్టవ్ ముందు నిలబడటమే. నిలబడితే కాళ్ళు లాగుతాయి, నడుము పట్టేస్తుంది. గుండెకి మాత్రం పని తగలదు. అలసిపోవడం వేరు, వ్యాయామం చెయ్యడం వేరు.

పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా ఒళ్ళు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా ఉండాలట. మన దేశం సంగతి చూద్దామా అంటే, భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన పెద్ద అధ్యయనం 2023లో బయటికి వచ్చింది. దాని ప్రకారం 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగరు గడప దగ్గర నిలబడి ఉన్నారు. నలభై దాటిన ఆడవాళ్ళం నలుగురం పేరంటంలో కూర్చుంటే పాయసం గిన్నె దగ్గర ఎవరు చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారో చూడండి, ఈ లెక్క అర్థమవుతుంది.

నడక అన్నిటికన్నా మంచిది, ఖర్చు లేనిది. దగ్గరలో పార్కు ఉండి, పొద్దున్న ఓ అరగంట మీ చేతిలో ఉంటే ఈ వ్యాసం చదవడం మానేసి మంచి బూట్లు కొనుక్కోండి. నేను రాస్తున్నది ఆ వీలు లేని వాళ్ళ కోసం. పిల్లల క్యారేజీలు, ఆయన ఆఫీసు, అత్తగారి మందులు అయ్యేసరికి ఎండెక్కిపోతుంది. సాయంత్రం చీకటి పడ్డాక వీధి కుక్కలు, గొలుసు దొంగల భయం. వానాకాలంలో రోడ్డంతా బురద. ఇలాంటి ఇళ్ళలోనే “ఏదైనా మిషను కొనేసుకుందామా” అన్న మాట వస్తుంది. ఆ మిషన్లలో ఈ మధ్య ఎక్కువగా వినబడుతున్న పేరు ఎలిప్టికల్ క్రాస్ ట్రైనర్.

అసలు ఇది ఏమిటి?

రెండు పెడళ్ళ మీద నిలబడి, రెండు చేతులతో పొడుగాటి పిడులు పట్టుకుని, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ గాలిలో నడిచినట్టు తొక్కే మిషను. పాదం తిరిగే దారి సైకిలులో లాగా గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. లెక్కల్లో దాన్నే ఎలిప్స్ అంటారు, అందుకే ఆ పేరు. 1995లో అమెరికాలో ప్రికోర్ అనే కంపెనీ దీన్ని మొదట అమ్మకానికి తెచ్చింది. అంటే మనం కాలేజీల్లో, స్కూళ్ళలో ఉండగానే పుట్టిన మిషనే. మన ఊళ్ళకు చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

దీనిలో గొప్పతనం ఒక్కటే. పాదం పెడల్ మీంచి లేవదు. పరుగెత్తినప్పుడు ప్రతి అడుగుకీ నేల తగిలి ఆ దెబ్బ మడమ నుంచి మోకాలికి, నడుముకి వెళుతుంది. ఇక్కడ ఆ దెబ్బ ఉండదు. అలాగని సైకిలులా కూర్చునే వ్యవహారమూ కాదు. ఒంటి బరువు కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి ఎముకలకూ కొంత పని తగులుతుంది. చేతులూ, భుజాలూ కదులుతాయి. మోకాళ్ళ నొప్పులు మొదలై, బరువు తగ్గమని డాక్టరు చెప్పిన వాళ్ళకు ఈ మిషను గురించి చెప్పేది అందుకే.

అయితే బజారులో ‘క్రాస్ ట్రైనర్’ అన్న పేరుతో రెండు రకాల సరుకు అమ్ముతున్నారు. ఒకటి చిన్నది, తేలికది, సీటు కూడా ఉంటుంది. కూర్చుంటే సైకిలు, నిలబడితే క్రాస్ ట్రైనర్ అంటారు. కొందరు దీన్ని ఆర్బిట్రెక్ అని కూడా పిలుస్తారు. ఎనిమిది వేల నుంచి పదిహేను వేలలో దొరుకుతుంది. వీటిలో చాలావాటికి అంగ పొట్టిగా, దారి ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. నిలబడి తొక్కితే నడిచినట్టుండదు, మెట్లెక్కుతూ కుంటినట్టుంటుంది. రెండోది సీటు లేని అసలు ఎలిప్టికల్. ఓ మాదిరివి ఇరవై వేల నుంచి నలభై వేల దాకా, ఇంకా పైవి యాభై వేలు దాటి లక్ష దాకా ఉన్నాయి. జిమ్ముల్లో ఉండేవి అంతకన్నా ఎక్కువ, వాటితో మనకు పనిలేదు. రెండు పనులకూ ఒక్కటే వస్తుందన్న ఆశతో మొదటి రకం కొనడం కంటే, ఆ డబ్బుకి మంచి కూర్చునే సైకిలు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

అంగ పొడవు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు

దుకాణంలో అమ్మకం కుర్రాడు మొదట చూపించేది మీటరు. లైట్లు వెలుగుతాయి, పాటలు వస్తాయి, ఫోనుతో కలుస్తుందంటాడు. మీరు ఆ మీటరు వంక చూడకండి, పెడళ్ళ వంక చూడండి. ఒక పెడల్ బాగా ముందుకి, రెండోది బాగా వెనక్కి వచ్చేలా తిప్పి ఆపమనండి. ముందు పెడల్ కొన నుంచి వెనక పెడల్ కొన దాకా టేపు పెట్టి కొలవండి. దానినే వాళ్ళు స్ట్రైడ్ లెంగ్త్ అంటారు, మన భాషలో అంగ పొడవు. అయిదడుగుల మూడంగుళాల లోపు ఎత్తున్న వాళ్ళకు 14 నుంచి 16 అంగుళాలు ఉంటే సుమారుగా సరిపోతుంది. అయిదడుగుల ఏడంగుళాల దాకా 16 నుంచి 18. ఇంకా పొడుగు వాళ్ళకు 18 నుంచి 20. ఇంట్లో అందరూ వాడతారనుకుంటే పొడుగు మనిషి లెక్కలో పోకండి, ఎక్కువగా ఎవరు వాడతారో వాళ్ళ లెక్కలో తీసుకోండి. అంగ చాలకపోతే మోకాలు నిటారుగా చాపడానికి వీల్లేక పదే పదే ముడుచుకునే ఉంటుంది. మోకాలి నొప్పి తగ్గడానికి కొన్నది దాన్ని పెంచి పెడుతుంది.

అలాగే రెండు పెడళ్ళ మధ్య ఎడం చూడండి. మామూలుగా నడిచేటప్పుడు మన పాదాల మధ్య ఎంత ఎడం ఉంటుంది? చాలా తక్కువ. కొన్ని మిషన్లలో పెడళ్ళు మరీ ఎడంగా ఉంటాయి. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు చాపి తొక్కితే పది నిమిషాల్లో తుంటి పట్టేస్తుంది. ఎడం ఎంత తక్కువైతే అంత హాయి.

తరవాత చక్రం. ముందో వెనకో ప్లాస్టిక్ డబ్బా లోపల ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది, ఫ్లైవీల్ అంటారు. కాలితో తొక్కే కుట్టుమిషను మన ఇళ్ళలో చూశాం కదా. కింద ఆ పెద్ద చక్రం తిరుగుతున్న ఊపే తొక్కుడు పలకను పైనుంచి కిందకీ కిందనుంచి పైకీ సాఫీగా దాటిస్తుంది. చక్రం తేలికైతే పలక మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, దారం తెగుతుంది. ఇదీ అంతే. చవక మిషన్లలో నాలుగైదు కిలోల చక్రం పెడతారు. తొక్కుతుంటే ప్రతి చుట్టులోనూ ఓ చోట కాలు తట్టుకున్నట్టు అవుతుంది. ఏడెనిమిది కిలోలూ ఆ పైనా ఉంటే ఊపు బాగుంటుంది. అలాగని ఒక్క బరువే చూసి మురిసిపోవద్దు. లోపల బెల్టు, కప్పీల అమరిక బాగుంటే తక్కువ బరువు చక్రం కూడా వేగంగా తిరిగి సాఫీగా నడుస్తుంది. అంకెల కంటే మీ పాదమే మంచి సాక్షి. ఎక్కి అయిదు నిమిషాలు తొక్కండి. సిగ్గుపడకండి. చీర కొనేటప్పుడు ఇరవై చీరలు విప్పించి చూసే మనం, పాతిక వేల మిషను ఎక్కి చూడకుండా కొనడమేమిటి?

ఎక్కినప్పుడు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. టెన్షన్ పెంచి తొక్కుతూ, చేతి పిడులు గట్టిగా లాగి చూడండి. మిషను పక్కలకు ఊగిందా, నేల మీద కాళ్ళు లేచాయా? అలాగైతే దాని దగ్గర్నుంచి దిగి వచ్చెయ్యండి. పెట్టె మీద రాసి ఉండే గరిష్ఠ బరువు కూడా చూడాలి. 100 కిలోలనీ 110 కిలోలనీ 120 కిలోలనీ రాస్తారు. మీ ఇంట్లో వాడబోయే వాళ్ళలో అందరికన్నా లావు మనిషి బరువు కన్నా పదిహేను ఇరవై కిలోలు ఎక్కువే ఉండాలి.

టెన్షన్ సంగతి. పాత రకాల్లో సైకిలు బ్రేకు లాగా ఓ పట్టీ చక్రానికి రాసుకుంటుంది. అది అరుగుతుంది, చప్పుడు చేస్తుంది. ఇప్పుడు చాలావాటికి అయస్కాంతం పెడుతున్నారు. అయస్కాంతం చక్రానికి తగలదు, దగ్గరగా జరిగితే చక్రం బరువెక్కుతుంది, దూరంగా జరిగితే తేలికవుతుంది. తగలనిది అరగదు కదా. మీట చేత్తో తిప్పేది ఎనిమిది మెట్లు ఉంటే మనకు చాలు. మోటారుతో మారే రకంలో పదహారు, ఇరవై నాలుగు మెట్లంటారు. దానికి ప్లగ్గు కావాలి, చెడిపోతే మెకానిక్కు కావాలి. చేతి మీట రకానికి కరెంటే అక్కర్లేదు, మీటరుకు రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు. వేసవిలో కరెంటు పోయినా మిషను ఆగదు. ట్రెడ్‌మిల్లుకు ఈ సౌకర్యం లేదు.

ఇక ఆ మీటరు చూపించే కేలరీల గురించి ఎవరికీ పెద్ద ఆశలు వద్దు. మీ వయసు, బరువు అడగని మీటరు మీ ఒంట్లో ఎంత కొవ్వు కరిగిందో ఎలా చెబుతుంది? చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూసి ఓ అంకె వేస్తుంది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో ఆ అంకెలో నిజం అంత. “300 కేలరీలు పోయాయి” అని చెప్పి రెండు మైసూర్‌పాకులు తిన్న వాళ్ళని నేను చూశాను. పిడుల మీద నాడి చూసే పలకలు కూడా అంతే, చెయ్యి కాస్త జారినా, చెమట పట్టినా ఎక్కువ తక్కువలు చూపిస్తాయి. టైము చూసుకోవడానికి మాత్రం మీటరు బాగానే పనికొస్తుంది.

ఇంటిని కొలవడం

మిషను దాదాపు అయిదారడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటుంది. చుట్టూ పిడులు ఆడటానికి, మనం ఎక్కి దిగడానికి చోటు కావాలి. ఏడడుగులు, నాలుగడుగుల జాగా లెక్క వేసుకోండి. మడిచి మంచం కింద తోసెయ్యొచ్చు అనుకుంటారేమో, చాలా ఎలిప్టికల్స్ మడవరావు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి.

పొడవు వెడల్పులు అందరూ చూస్తారు, ఎత్తు మరిచిపోతారు. తొక్కేటప్పుడు పెడల్ నేల మీంచి అడుగు, అడుగున్నర దాకా పైకి లేస్తుంది. అయిదడుగుల ఎనిమిదంగుళాల మగమనిషి ఎక్కితే అతని తల ఏడడుగుల దాకా వెళుతుంది. మన ఇళ్ళలో అటకలు సరిగ్గా ఏడడుగుల ఎత్తునే ఉంటాయి! అటక కింద ఖాళీ చోటు కనబడగానే “ఇక్కడ పట్టేస్తుంది” అనుకుంటాం. పట్టేది మిషను, పట్టనిది మనిషి. మనిషి ఎత్తుకి పెడల్ ఎత్తు కలిపి, పైన ఇంకో అరడుగు వదిలి చూసుకోండి. ఫ్యాను రెక్కలకు సరిగ్గా కింద కూడా వద్దు, కాస్త పక్కకి ఉంటే గాలి తగులుతుంది, భయమూ ఉండదు.

బాల్కనీలో పెట్టుకుంటామంటారు చాలామంది. వాన జల్లు, ఎండ రెండూ దానికి శత్రువులే. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. గదిలోనే పెట్టి, కింద మందపాటి రబ్బరు చాప వెయ్యండి. టైల్స్ మీద జారదు. మేడ మీద ఇల్లయితే కింద వాటా వాళ్ళకు దడదడ వినిపించదు. అపార్టుమెంట్లలో ఈ మాట చాలా ముఖ్యం, పొద్దున్న అయిదింటికి మీరు తొక్కడం మొదలుపెడితే కింద ఫ్లాటావిడ మీ గురించి మంచిగా చెప్పుకోదు.

పెట్టె బరువు నలభై కిలోలు దాటుతుంది. లిఫ్టు లేని మూడో అంతస్తయితే పైకి ఎవరు మోస్తారు, బిగించి ఇచ్చేదెవరు, దానికి వేరే డబ్బా అన్నది కొనేముందే కాగితం మీద రాయించుకోండి.

దండెం కాకుండా ఉండాలంటే

ఇలాంటి మిషన్లు కొన్న ఇళ్ళలో ఆరు నెలల తరవాత వాటి మీద తువ్వాళ్ళు, లంగాలు ఆరేసి ఉండటం అందరూ చూసేదే. అందుకే కొనకముందు ఒక పరీక్ష పెట్టుకోమంటాను. మీ అపార్టుమెంటు జిమ్ములో, లేదా తెలిసిన వాళ్ళింట్లో ఈ మిషను ఉంటే రెండు మూడు వారాలు అడిగి వాడి చూడండి. మునిసిపాలిటీ పార్కుల్లో ఓపెన్ జిమ్ములని ఇనుప మిషన్లు పెట్టారు, వాటిలోనూ ఇలాంటిది ఉంటుంది. దానికి టెన్షన్ ఉండదు, ఊరికే ఊగుతుంది కాబట్టి పూర్తి పోలిక కాదు గానీ, ఆ కదలిక మీ మోకాలికి పడుతుందో లేదో తెలుస్తుంది. పడకపోతే మీ డబ్బు మిగిలింది.

ఇక్కడ మా ఆడపడుచు సంగతి చెప్పాలి. వయసు 42, ఎత్తు అయిదడుగులకు ఓ అంగుళం తక్కువ. కుడి మోకాలు అరుగుదల మొదలైందని, బరువు తగ్గాలని, పరుగు, మెట్లు తగ్గించాలని డాక్టరు చెప్పారు. వాళ్ళ వీధి చివర నుంచీ రోడ్డు తవ్వేసి ఉంది, నడవడానికి దారే లేదు. మిషను కొనుక్కుంటానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు, కానీ ఎవరూ ఊ అనలేదు కూడా. అబ్బాయి కోచింగు ఫీజు, బండి ఇన్సూరెన్సు, చెల్లెలి గృహప్రవేశానికి పెట్టాల్సిన బట్టలు... వీటన్నిటి తరవాత చూద్దాం అన్నారు. ఆ ‘తరవాత’ ఎప్పుడొస్తుందో మనకు తెలియనిదా! ఏడాదిన్నర గడిచింది. చివరికి ఆవిడ పాడుకున్న చిన్న చీటీ డబ్బులు చేతికి వచ్చిన రోజు, “వదినా, నువ్వు తోడు రా. ఇవాళ కొనకపోతే ఈ డబ్బు కూడా ఫీజులోకే పోతుంది” అని నాకు ఫోను చేసింది. బాధగా చెప్పలేదు, నవ్వుతూనే చెప్పింది.

మూడు దుకాణాలు తిరిగాం. మూడింట్లోనూ టేపు తీసేసరికి అమ్మకం కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. మూడో చోట 15 అంగుళాల అంగ, ఏడు కిలోల చక్రం, ఎనిమిది మెట్ల చేతి మీట ఉన్నది 26 వేలకు తీసుకున్నాం. వాళ్ళే వచ్చి బిగించి వెళ్ళారు. రెండో రోజు నుంచి ఎడమ పెడల్ దగ్గర టక్కు టక్కుమని చప్పుడు. ఫోను చేస్తే “కొత్తలో అలాగే ఉంటుందమ్మా, వాడగా వాడగా పోతుంది” అన్నారు. చప్పుళ్ళు వాడితే పెరుగుతాయి గానీ పోవడం ఎక్కడైనా ఉందా? ఫోనులో వీడియో తీసి, బిల్లు ఫోటో జతచేసి, గ్యారంటీ కార్డులో రాసిన మాటనే వాళ్ళకు తిరిగి రాసి పంపాం. పదో రోజున మనిషి వచ్చి లోపల బుష్షు మార్చాడు. చప్పుడు పోయింది. ఆ తరవాత ఎనిమిది నెలల్లో ఆవిడ తగ్గింది మూడు కిలోలే. విన్నవాళ్ళు పెదవి విరుస్తారు. కానీ డాబా మీదకి బట్టలు ఆరెయ్యడానికి ఇప్పుడు గోడ పట్టుకోకుండా ఎక్కుతోంది. ఆవిడకు కావలసింది అదే.

అందుకని బిల్లు, గ్యారంటీ కార్డు జాగ్రత్త. ఫ్రేముకు ఎన్నేళ్ళు, విడిభాగాలకు ఎన్నాళ్ళు అన్నది వేరువేరుగా ఉంటుంది, చదువుకోండి. మీ ఊళ్ళో సర్వీసు మనిషి ఉన్నాడా, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రావాలా అడగండి. దుకాణం వాళ్ళు మాట వినకపోతే 1915 నంబరుకి ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వాళ్ళు ఫిర్యాదు తీసుకుంటారు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా మనం ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు.

సెకండ్ హ్యాండ్ కూడా చెడ్డది కాదు. దండెంగా మారిన మిషన్లు నిజానికి అరగవు కదా! సగం ధరకే వస్తాయి. వెళ్ళినప్పుడు పెడళ్ళని పక్కలకు ఊపి చూడండి, వదులుగా ఊగితే లోపల బుష్షులు అరిగిపోయినట్టు. చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టి వినండి. అడుగున తుప్పు చూడండి.

ఎక్కిన మొదటి వారం

షుగరు, బీపీ, గుండె జబ్బు, కళ్ళు తిరగడం, ఈ మధ్య ఆపరేషన్ ఇలాంటివేమైనా ఉంటే డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు దగ్గర చక్కెర బిళ్ళ ఉంచుకోండి. కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు దిగాక పాదాలు చూసుకోవాలి, బొబ్బ లేచినా తెలియదు. తొక్కుతుండగా గుండెలో బరువుగా ఉన్నా, దవడకో చేతికో నొప్పి పాకినా, చెమటలు పోసినా వెంటనే ఆపి ఇంట్లోవాళ్ళని పిలవండి. “కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే” అని ఊరుకోకండి, ఆడవాళ్ళం అక్కడే ఆలస్యం చేస్తాం.

మొదటి రోజు మూడు నిమిషాలకే ఆయాసం వస్తే కంగారు పడకండి, అందరికీ అంతే. పొద్దున్న అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలతో మొదలెట్టండి. వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే చాలు. ఎంత గట్టిగా తొక్కాలీ అంటే, పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంకె కావాలనుకునే వాళ్ళు 220 లోంచి వయసు తీసెయ్యండి. 45 ఏళ్ళకు 175 వస్తుంది. అందులో సగం నుంచి 70 శాతం, అంటే సుమారు 88 నుంచి 122 మధ్య నాడి ఉంటే బాగున్నట్టు. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. అవి వాడేవాళ్ళకు ఈ లెక్క కుదరదు, మాట పరీక్షే మంచిది.

ఎక్కేటప్పుడు కదలని పిడి పట్టుకుని, కిందికి ఉన్న పెడల్ మీదే మొదటి పాదం పెట్టాలి. పైనున్న పెడల్ మీద పెడితే అది జర్రున కిందికి జారి మనిషిని పడేస్తుంది. దిగేటప్పుడు చక్రం పూర్తిగా ఆగాకే దిగండి. చీర కుచ్చెళ్ళు, చున్నీ, వదులు నైటీ దీనికి పనికిరావు, పెడల్ సందులో చిక్కుకుంటాయి. కుర్తా, ప్యాంటు, కాలికి బూట్లు ఉండాలి. ఒట్టి కాళ్ళతో తొక్కితే అరికాలు తిమ్మిరెక్కుతుంది. బూట్లున్నా పాదం కదలక పది నిమిషాలకు తిమ్మిరి వస్తే కాలివేళ్ళు కదిపి, మడమ కొద్దిగా లేపి దింపండి. వెన్ను నిటారుగా ఉంచండి, పిడుల మీద వాలిపోతే మీ బరువు మిషను మోస్తుంది. వెనక్కి కూడా తొక్కొచ్చు. కానీ అప్పుడు తొడ ముందు కండరాలకీ మోకాలికీ పని ఎక్కువ, నొప్పి ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు ఆగాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో మిషను ఉన్న గది తలుపు వేసే ఉంచండి. ఎవరూ తొక్కకపోయినా పిల్లలు పెడల్ లాగితే పెద్ద చక్రం తిరిగి రెండోవైపు వేళ్ళు నలుగుతాయి. వాడనప్పుడు టెన్షన్ చివరి మెట్టుకు పెట్టి, రెండు పెడళ్ళకూ కలిపి ఓ తాడు కట్టెయ్యడం ఇంకా మంచిది.

పోషణ పెద్దగా లేదు. దిగాక పొడిగుడ్డతో చెమట తుడవాలి, లేకపోతే ఉప్పుకి రంగు లేచి తుప్పు పడుతుంది. వెనక చిన్న చక్రాలు పట్టాల మీద దొర్లే రకమైతే ఆ పట్టాల మీద దుమ్ము, వెంట్రుకలు వారానికోసారి తుడవండి, సగం చప్పుళ్ళు అక్కణ్ణుంచే. నెలకోసారి బోల్టులన్నీ బిగించుకోవాలి, తొక్కుడుకి వదులవుతాయి. దీనికి మిషనుతోపాటే వంకీ తాళాలు, అల్లెన్ కీలంటారు, ఓ కవరులో వేసి ఇస్తారు. ఆ కవరు అట్టపెట్టెతోపాటు పాత సామాన్లవాడికి పోతుంది చాలా ఇళ్ళలో. దాన్ని తీసి, మిషను ముందు కాలికే గట్టిగా ఓ గుడ్డతో కట్టేసి ఉంచండి. అద్దె ఇంట్లో ఉంటే ఇల్లు మారేటప్పుడు అదే కావాలి, బిగించి ఉన్న మిషను చాలా తలుపుల్లోంచి పట్టదు.